గాలికి ఎదురు నడిచిన బండి

(పాఠశాల స్వర్ణోత్సవ పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, ఇంజనీరుగా మీ అనుభవాలు చెప్పండి అన్నారు. నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద ఫ్యాన్లు, బ్లోయర్లతోనే గడిచింది. ఆ సంగతులు మొదలుపెడితే మీలో సగంమంది నిద్రలోకి జారుకుంటారు. అందుకని ఈ బడి వెనక వరండాలో, 1983-84లో, మేము తొమ్మిదో తరగతిలో ఉండగా తయారుచేసిన గాలి కారు గురించి చెబుతాను. చివర్లో స్వర్ణోత్సవ నిధి విషయంలో ఒక మనవి ఉంది. కారు కథ వింటేనే ఆ మనవి ఎందుకో అర్థమవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మా సైన్సు మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. ఆ ఏడాది సైన్సు ఫెయిర్‌కి ఏం చేద్దామని అడిగితే ఆయన ఒకటే షరతు పెట్టారు: "చూపించే నమూనా వద్దు, పరీక్షించే నమూనా కావాలి." అట్టముక్కలతో ఆనకట్ట కట్టి నీలం రంగు పూస్తే అది చూపించే నమూనా. ఏదో ఒకటి మార్చి, ఫలితం ఎంత మారిందో కొలవగలిగితే అది పరీక్షించే నమూనా. బ్యాటరీ, మోటారు కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. ఖర్చు లేకుండా దొరికేది గాలి ఒక్కటే. అలా గాలితో నడిచే కారు అనుకున్నాం.

కారుకి నేను, నా బెంచీ మిత్రుడు బాధ్యులం. మా నాన్నగారు కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో ఉద్యోగి. వాడిది కొండ మీది ఊరు. ఇంట్లో కువి మాట్లాడతారు, బడికి వచ్చాకే వాడికి తెలుగు. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. వాడు ఈరోజు సభలోనే, మూడో వరుసలో ఉన్నాడు. వాడి అనుమతి తీసుకునే ఇదంతా చెబుతున్నాను.

సామాన్లన్నీ ఊళ్లో దొరికినవే. చట్రానికి వెదురు బద్దలు, ఇరుసులకు సైకిల్ చువ్వలు. ఇరుసు తిరగడానికి ఖాళీ పెన్ను గొట్టాల ముక్కలు. చక్రాలకు మొదట అరిగిపోయిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోశాం, తర్వాత పౌడర్ డబ్బా మూతలు వాడాం. తెరచాపకి పాత లుంగీ గుడ్డ.

తెరచాప కారు చేయడం తేలికే. నాలుగు చక్రాల మీద ఒక కర్ర పాతి గుడ్డ కడితే గాలి తోస్తుంది. 1600 ప్రాంతంలోనే హాలెండ్‌లో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త మనుషులు ఎక్కే తెరచాప బండిని సముద్రపు ఒడ్డున నడిపించాడు. మా ప్రశ్న వేరు. ఇదే కారును ఇదే గాలికి ఇంకా వేగంగా నడిపించాలంటే ఏది మార్చాలి?

ఎవరినడిగినా తెరచాప పెద్దది చెయ్యమనే చెబుతారు. మేమూ పెంచి చూశాం. కొంతవరకు వేగం పెరిగింది. ఆపైన కర్ర బరువు ఎక్కువై, గాలి పై భాగాన్ని తోసినప్పుడు కారు ముందుకి మొగ్గింది. అప్పుడు మాస్టారు చక్రాల సంగతి చూడమన్నారు. చెప్పు రబ్బరు చక్రాలు బరువు, పైగా చేత్తో కోసినవి కాబట్టి పూర్తి గుండ్రంగా ఉండవు. వాటి బదులు డబ్బా మూతలు పెట్టి, పెన్ను గొట్టాల్లో చుక్క కొబ్బరినూనె వేశాం. తెరచాప అంగుళం కూడా పెంచకుండానే కారు వేగం అందుకుంది.

అందులోని లెక్క పిల్లల కోసం ఇప్పుడు చెబుతాను. తెరచాప మీద గాలి తోపు రెండింటిని బట్టి ఉంటుంది: గుడ్డ వైశాల్యం, కారుకీ గాలికీ మధ్య ఉన్న వేగాల తేడాకి వర్గం. కారు వేగం పుంజుకుంటున్నకొద్దీ ఆ తేడా తగ్గుతుంది, తోపు తగ్గుతుంది. తోపు, చక్రాల రాపిడి సమానమైన చోట వేగం నిలిచిపోతుంది. ఉదాహరణకి 30 సెంటీమీటర్ల చదరపు గుడ్డ, సెకనుకి 3 మీటర్ల గాలి, 200 గ్రాముల కారు తీసుకోండి. చక్రాల రాపిడి కారు బరువులో ఇరవయ్యో వంతు అనుకుంటే, కారు సుమారు సెకనుకి 1.7 మీటర్ల దగ్గర ఆగుతుంది. రాపిడిని సగం చేస్తే 2 మీటర్లు దాటుతుంది. రాపిడి అలాగే ఉంచి గుడ్డ రెట్టింపు చేసినా సరిగ్గా అంతే వేగం వస్తుంది. అంటే ఒక చుక్క నూనె, ఒక గుండ్రటి చక్రం కలిసి రెండు తెరచాపల పని చేయగలవు, బండిని బోర్లా పడెయ్యకుండా!

ఇక అసలు చిక్కు మా కొలతల్లో వచ్చింది. వరండాలో అయిదు మీటర్లు సుద్దతో గీసి, సెకన్ల ముల్లున్న చేతి గడియారంతో ఒక్కో మార్పుకి మూడుసార్లు కారు నడిపి పుస్తకంలో రాసేవాళ్లం. ఒకసారి ఒక్కటే మార్చాలి అన్న మాస్టారి నియమం పాటిస్తున్నాం. అయినా ఒకే కారుకి పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో లెక్క వస్తోంది. మన లోయలో గాలి సంగతి మీకు తెలిసిందే. చలికాలం రాత్రిళ్లు కొండల మీద చల్లబడ్డ గాలి బరువెక్కి జారి, గిన్నెలో నీళ్లలా లోయలో నిలుస్తుంది. తెల్లవారి మంచు కమ్మి ఆకు కదలదు. ఎండ ఎక్కాక కొండ వాలులు వేడెక్కుతాయి, గాలి పైకి లేస్తుంది. అనంతగిరి దారిలో గాలికొండ అని పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

ఒకరోజు నేను పుస్తకంలో సరాసరి కడుతుంటే మావాడు అడ్డం వచ్చాడు.

"గాలి పొద్దుటేల ఒకలాగుంటాది, పొద్దెక్కినాక ఒకలాగుంటాది. రెండూ కలిపి రాస్తే అది ఏటి లెక్కరా?"

ఆ ఏడాది మొత్తం బడిలో వాడు మాట్లాడినవాటిలో అదే పొడుగు వాక్యం అనుకుంటాను. మాస్టారు విని, "మరి గాలిని కొలిచే సాధనం మన దగ్గర లేదే, ఎలా?" అన్నారు. వాడు జవాబు చెప్పలేదు. మర్నాడు ఇంటి నుంచి చిన్న మూటలో చోళ్ల పొట్టు తెచ్చాడు. బెంచీ ఎక్కి, గుప్పెడు పొట్టు తీసి, చెయ్యి కదపకుండా వేళ్ల సందుల్లోంచి వదిలాడు. పొట్టు గాలికి కొట్టుకుపోయి కొంత దూరంలో పడింది. "అమ్మ ఎగరబోసినప్పుడు ఇలాగే చూస్తాది. పొట్టు అక్కడ పడితే గాలి చాలు. ఇక్కడ పడితే కూకుంటాది" అన్నాడు.

తూర్పారబట్టడం మనందరం చూసిన పనే, మన వైపు ఎగరబోయడం అంటాం. గింజ బరువు కాబట్టి కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు తేలిక కాబట్టి దూరం పోతుంది. మాస్టారు అక్కడే నల్లబల్ల మీద గీసి చూపించారు. పొట్టు కిందికి దిగే వేగం దాదాపు ఎప్పుడూ ఒకటే. కాబట్టి ఒకే ఎత్తు నుంచి వదిలితే నేలకి చేరడానికి పట్టే సమయమూ ఒకటే. ఆ సమయంలో అది పక్కకి ఎంత దూరం పోయిందన్నది గాలి వేగాన్ని బట్టే ఉంటుంది. గాలి రెట్టింపయితే దూరం రెట్టింపు. బజారులో డబ్బిచ్చి కొనే పరికరం చేసే పనిని ఆ పొట్టు చేసింది.

ఆరోజు నుంచి మా పద్ధతి మారింది. నేల మీద రెండు సుద్దగీతలు గీశాం. పొట్టు ఆ రెండు గీతల మధ్య పడినప్పుడే కారు వదలాలి. పడకపోతే కూర్చోవాలి. కొన్నిసార్లు మధ్యాహ్నం భోజనాల గంటంతా కూర్చునే ఉన్నాం. కానీ ఆ తర్వాత వచ్చిన మూడేసి అంకెలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. పాత పేజీలు కొట్టేసి కొత్తగా రాసుకున్నాం.

మావాడి అభ్యంతరం ఎంత పెద్దదో ఇంజనీరింగ్ చదివాక నాకు పూర్తిగా తెలిసింది. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. గాలి ఇరవై శాతం పెరిగితే శక్తి డెబ్భై శాతం పైగా పెరుగుతుంది, రెట్టింపయితే ఎనిమిదింతలు అవుతుంది. చెంప మీద తేడా తెలియనంత చిన్న మార్పు కూడా లెక్కను తలకిందులు చేయగలదు. మన రాష్ట్రంలో గాలిమరలు ఎక్కువగా అనంతపురం, కర్నూలు, కడప వైపు పెట్టడానికి కారణం అదే. మొదట ఏళ్ల తరబడి గాలిని కొలుస్తారు, ఆ తర్వాతే స్తంభం పాతుతారు. ఇంకొక సంగతి. మన లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడి గాలి విశాఖ గాలి కంటే దాదాపు ఎనిమిది శాతం పలచన. అదే వేగంతో వీచినా అంత మేరకు తక్కువగా తోస్తుంది.

తెరచాప కారు అయ్యాక మాస్టారు రెండో ప్రశ్న వేశారు: "గాలి వెళ్లేవైపు ఎండుటాకు కూడా వెళ్తుంది. గాలికి ఎదురు వెళ్లే కారు చేయగలరా?" క్లాసంతా నవ్వింది. గాలి వెనక్కి తోస్తుంటే, ఆ గాలితోనే ముందుకెలా పోతుంది?

తెరచాప తీసేసి ముందువైపు ఒక గాలిమర బిగించాం. డబ్బా రేకుతో నాలుగు రెక్కలు, కొంచెం మెలిపెట్టి. దాని ఇరుసు సైకిల్ చువ్వే, కారు పొడవునా వెనక్కి వస్తుంది. సరిగ్గా దాని కింద వెనక చక్రాల ఇరుసు అడ్డంగా ఉంటుంది. ఆ ఇరుసుకి కుట్టుమిషను దారపు ఉండ, అంటే చెక్కది, గట్టిగా బిగించి దారం చుట్టాం. దారం కొస పైనున్న గాలిమర చువ్వకి కట్టాం. గాలిమర తిరిగితే దారం చువ్వకి చుట్టుకుంటుంది, కింద ఉండ విప్పుకుంటూ చక్రాలను తిప్పుతుంది. దారం అయిపోయేవరకే ప్రయాణం. మా వరండాకి అది చాలు.

చువ్వ సన్నగా ఉంది, దారం జారుతుందేమోనని మొదటి పరీక్షలో దానికి పెన్ను గొట్టం తొడిగాం. కారు వణికింది తప్ప కదల్లేదు. గాలి గట్టిగా కొడితే వెనక్కి జరిగింది. రెండో పరీక్షలో గొట్టం తీసేసి వట్టి చువ్వకే దారం చుట్టాం. చువ్వ మందం రెండు మిల్లీమీటర్లు, ఉండ మందం రెండు సెంటీమీటర్లు. అంటే గాలిమర పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వేగం పదో వంతు, బలం పదింతలు. బావి మీద గిలక కంటే రాట్నానికి తక్కువ బలం ఎందుకు చాలుతుందో ఇక్కడా అదే సూత్రం. ఇంకో మార్పు కూడా కావలసివచ్చింది. తెరచాప కారుకి నున్నటి మూతల చక్రాలు మేలు చేశాయి, ఈ కారుకి అవి నేల మీద జారాయి. వెనక మూతలకి సైకిల్ ట్యూబు కోసి పట్టీలు వేశాం.

ఈసారి పొట్టు దూరపు గీత దాటేదాకా ఆగాం. దాటింది. కారు వదిలాం. రెక్కలు గిర్రున తిరిగాయి, కారు ఒక క్షణం నిలబడి, నెమ్మదిగా, చీమ నడకలా గాలికి ఎదురు పాకింది. మూడు మీటర్లు పోవడానికి ఇరవై సెకన్లు దాటింది. మొదట నవ్వినవాళ్లే వరండా పొడవునా కారు పక్కన మోకాళ్ల మీద నడిచారు.

సైన్సు ఫెయిర్‌లో టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి చూపించాం. ఒక న్యాయనిర్ణేత లోపల బ్యాటరీ దాచారా అని అడిగి, కారుని తిరగేసి చూశారు. మావాడు ఏమీ మాట్లాడకుండా మా కొలతల పుస్తకం ఆయన చేతికిచ్చాడు. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. రెండో బహుమతి వచ్చింది.

అయినా ఆ కారులో గారడీ ఏమీ లేదు. అది కేవలం గాలి మీద ఆధారపడదు, నేల మీద కూడా ఆధారపడుతుంది. గాలి కదులుతోంది, నేల కదలడం లేదు. ఆ రెంటి మధ్య తేడాయే ఇంధనం. ఒక చేత్తో గాలిని, ఒక కాలితో నేలను పట్టుకున్న యంత్రం ఎటువైపైనా పోగలదు. గాలిలో తేలే బూరుగు దూదికి ఆ అవకాశం లేదు, దానికి నేల అందదు కాబట్టి.

ఈ మాట మనకే కాదు, ప్రపంచంలో పెద్దపెద్దవాళ్లకీ వింతగానే తోచింది. అమెరికాలో రిక్ కావెలారో అనే ఆయన, ఆయన మిత్రులు కలిసి బ్లాక్‌బర్డ్ అనే బండి కట్టారు. 2010 జూలైలో కాలిఫోర్నియాలోని ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద అది గాలి వీచే దిశలోనే, గాలి కంటే 2.8 రెట్లు వేగంగా నడిచింది. అందులో చక్రాలే పంకాను తిప్పుతాయి, పంకా గాలిని వెనక్కి తోస్తుంది. 2012లో మార్పులు చేసి, గాలికి ఎదురుగా గాలి వేగానికి 2.1 రెట్లతో నడిపారు. ఆ రెండూ ఉత్తర అమెరికా ల్యాండ్ సెయిలింగ్ సంఘం కొలిచి నమోదు చేసిన అంకెలు. అయినా 2021లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యులు అలెగ్జాండర్ కుసెంకో, గాలి దిశలో గాలి కంటే వేగంగా పోవడం కుదరదని వాదించి, సైన్సు వీడియోలు తీసే డెరెక్ ముల్లర్‌తో పదివేల డాలర్ల పందెం వేశారు. వాదనలు, పరీక్షలు అయ్యాక ఆచార్యులవారు పందెం ఓడినట్టు ఒప్పుకుని డబ్బు ఇచ్చారు. అది ఆయన హుందాతనం. నేను చెప్పదలచింది ఏమిటంటే, హోదా ఎంతటిదైనా చివరికి తీర్పు చెప్పేది పరీక్షే. నెదర్లాండ్స్‌లోని డెన్ హెల్డర్‌లో 2008లో విద్యార్థి జట్లు గాలికి ఎదురు నడిచే కార్లకి పోటీయే పెట్టుకున్నాయి. మన వరండాలో పాకిన కారుకి వాటితో దూరపు చుట్టరికం ఉంది.

మీకందరికీ ఒక సందేహం ఉంటుంది, మావాడు తర్వాత ఏమయ్యాడని. పదో తరగతి అయ్యాక ఇంటి పరిస్థితులు చదువు సాగనివ్వలేదు. నేను ఇంజనీరునయ్యాను. వాడు కాఫీ, మిరియాలు పండిస్తున్నాడు. మొన్న వాళ్ల ఊరు వెళ్లాను. కాఫీ పళ్ల తొక్క తీసే పల్పరుకి చిన్న మోటారు పెట్టుకున్నాడు. మోటారు బలం చాలక ఆగిపోతుంటే, పల్పరు వైపు పెద్ద కప్పీ వేసి సరిచేసుకున్నాడు. "దారపు ఉండ గుర్తుందా?" అన్నాడు. నాకు ఇచ్చిన డిగ్రీ నాకు ఎంత ఉపయోగపడిందో, వాడికి ఇవ్వని డిగ్రీ వల్ల మన రంగం ఎంత పోగొట్టుకుందో ఆ కప్పీ చూస్తే తెలుస్తుంది. ఇప్పటికీ ఫ్యాక్టరీలో ఎవరైనా ఫ్యాన్ సరిగా పనిచేయడం లేదని అంకెలు తెస్తే, నేను మొదట అడిగేది వాడి ప్రశ్నే: కొలిచినప్పుడు గాలి ఎలా ఉంది?

ఇక నా మనవి. స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం, శిలాఫలకం అనుకుంటున్నారని విన్నాను. తోరణం వద్దనడం లేదు. దాంతోపాటు, వీలైతే దానికంటే ముందు, వెనక వరండాలో పది మీటర్ల పొడవు చదునైన పట్టీ వేయిద్దాం. పది సెంటీమీటర్లకు ఒక గీత శాశ్వతంగా గీయిద్దాం. నాలుగు స్టాప్‌వాచీలు, ఒక గ్రాముల త్రాసు, గాలి వేగం కొలిచే మీటరు ఒకటి, రంపం, సుత్తి, డ్రిల్లు ఉన్న పనిముట్ల పెట్టె ఒకటి. ఇవి తోరణంలో ఒక స్తంభం ఖర్చుకి వస్తాయి. 2016 నుంచి చాలా బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు, 3డి ప్రింటర్లు వచ్చాయి, మంచిదే. మనకి వస్తే ఆనందమే. కానీ అవి వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఉపాధ్యాయులకి ఇంకొక విన్నపం. డబ్బుతో కొనలేనిది మీ చేతిలో ఉంది, అది సమయం. వారానికి రెండు పీరియడ్లు ఆ పట్టీ దగ్గర పిల్లల్ని వదలండి. గాలి లేనినాడు కూర్చోనివ్వండి. మా మాస్టారు మాకు ఇచ్చింది అదే. పిల్లల కొలతల పుస్తకాలు పారెయ్యకుండా ఒక బీరువాలో దాచండి, వచ్చే ఏడాది పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు. మరీ ముఖ్యంగా, ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడి, తెలుగులో జవాబు చెప్పడానికి తడబడే పిల్లలు ఇప్పుడూ మీ క్లాసుల్లో ఉన్నారు. ప్రశ్న అడిగితే వాళ్లు తల దించుకుంటారు. చేతికి పని ఇస్తే వాళ్ల జవాబు మనకి కనిపిస్తుంది. వాళ్లలో ఏ ఒక్కరూ పదో తరగతితో ఆగిపోకుండా చూడవలసిన బాధ్యత పూర్వ విద్యార్థులుగా మనది. పట్టీకి, పనిముట్లకి నా వంతు ఈరోజే కార్యదర్శి గారికి ఇస్తున్నాను. పై చదువుల సాయానికి వేరే ఖాతా తెరిస్తే అందులోనూ ఉంటాను.

మావాడు కూడా ఒక మాట ఇచ్చాడు. సంతకి దిగిన రోజు మధ్యాహ్నం బడికి వచ్చి పిల్లలతో కూర్చుంటానన్నాడు. మీటరు చెడిపోయినా ఫరవాలేదు, పొట్టు తెస్తానన్నాడు. వాడు వేదిక ఎక్కనన్నాడు కాబట్టి, కూర్చున్నచోటే ఒకసారి లేచి నిలబడమని అడుగుతున్నాను. మీ చప్పట్లు నాకు కాదు, అటువైపు.